కిలోకీ ఇరవై కిలోలకీ మధ్య

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో జరిగిన సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసినది. తడబాట్లు తీసేశాం, మిగతాది ఉన్నదున్నట్టే.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాను చప్పుడుకి వినబడకపోతే చెయ్యెత్తండి, ఇంకాస్త గట్టిగా చెప్తాను.

కరపత్రంలో "గంజాయిని చట్టబద్ధం చెయ్యాలా, వద్దా" అని వేశారు. బాగుంది. కానీ అది ఒక ప్రశ్న కాదండీ, మూడు ప్రశ్నలు. తాగేవాణ్ణి జైల్లో పెట్టాలా? ఇదొకటి. దుకాణం తెరిచి అమ్మనివ్వాలా? ఇది రెండోది. పెళ్ళిచూపుల్లో "అబ్బాయి అప్పుడప్పుడూ గంజాయి దమ్ము కొడతాడండీ" అంటే "ఓహో, అలాగా" అని మనం కాఫీ అందుకోవాలా? ఇది మూడోది. మూడింటినీ ఒకే మూట కట్టేసి అవునా కాదా అని అడుగుతున్నాం, అందుకే టీవీల్లో చర్చ ఎప్పుడూ అరుపుల దగ్గరే ఆగిపోతుంది. జైలు వద్దంటాను. దుకాణం కూడా వద్దంటాను. మూడోదాని సంగతి చివర్లో చూద్దాం, అది చట్టానికి అందేది కాదు.

ముందు ఇప్పుడున్న చట్టం ఏమిటో చూద్దాం. మార్చాలన్నా ఉంచాలన్నా అది తెలియాలి కదా. ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం, 1985. ఆ ఏడాది నవంబరు 14న అమల్లోకి వచ్చింది. అందులో గంజాయి అంటే ఏమిటి? మొక్క కాదు. ఆకు కాదు. పూత, కాయ పట్టిన కొనలు. గింజలూ ఆకులూ ఆ కొనలతో కలిసి ఉంటేనే లెక్కలోకొస్తాయి. విడిగా ఉంటే రావు. మొక్క జిగురు వేరుచేస్తే అది చరస్, దాని లెక్క వేరు.

మరి ఆకుని ఎందుకు వదిలేశారు? భంగు ఉంది కాబట్టి. కాశీలో, జైసల్మేరులో ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం రాసుకున్నప్పుడే విడి ఆకుని పక్కన పెట్టారు, మన చట్టం అదే పట్టుకుంది. అంటే ఏమిటి? ఒకే మొక్క. ఆకు నూరి పాలల్లో కలిపితే కొన్ని రాష్ట్రాల్లో పండగ ప్రసాదం, దాని నెత్తిమీద పువ్వు కోసి ఎండబెడితే జైలు. ఇది మత్తుని బట్టి గీసిన గీత కొంత, ఆచారాన్ని బట్టి గీసిన గీత కొంత. పువ్వులో మత్తు ఎక్కువ, అది నిజమే. కానీ తగినంత భంగు తాగినవాడు పువ్వు తాగినవాడి కన్నా తక్కువేమీ తూలడు.

సరే. ఇప్పుడు తూకం. అసలు కథంతా కాటా మీదే ఉందండీ, జాగ్రత్తగా వినండి.

2001లో చట్టాన్ని సవరించి, బరువుని బట్టి శిక్ష పెట్టారు. గంజాయి కిలో లోపు ఉంటే స్వల్ప పరిమాణం: ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం: తక్కువలో తక్కువ పదేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఏళ్ళు, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. మధ్యలో ఉంటే పదేళ్ళ దాకా, లక్ష దాకా. చరస్‌కైతే ఈ గీతలు 100 గ్రాములు, కిలో.

పదేళ్ళ దాకా అనడానికీ, పదేళ్ళకి తగ్గకుండా అనడానికీ తేడా గమనించారా? మొదటిదాంట్లో జడ్జిగారు మనిషిని చూడొచ్చు. వీడెవడు, ఎందుకు మోశాడు, ఇంతకు ముందు కేసులున్నాయా అని చూసి రెండేళ్ళు వెయ్యొచ్చు, మూడేళ్ళు వెయ్యొచ్చు. రెండోదాంట్లో కాటా ముల్లు చూడటమే. 19 కిలోల 900 గ్రాములకి ఒక బతుకు, 20 కిలోల 100 గ్రాములకి ఇంకో బతుకు. ఆ మధ్యనున్నది 200 గ్రాములు. సరిగ్గా కాఫీపొడి పొట్లమంత!

ఇప్పుడు ఆ కాటా దగ్గరికి వెళ్దాం. నర్సీపట్నం దారిలో ఒక ఆటో ఆపారు అనుకోండి. రెండు బస్తాలు. లోపల ప్యాకెట్లు, ఒక్కోదానికి పాలిథిన్ కవరు, దాని మీద వాసన బయటికి రాకుండా గోధుమరంగు టేపు, చుట్టు మీద చుట్టు. వాటిని తూచారు. ఎలా తూచారు? కవరు విప్పారా, విప్పకుండానే పెట్టారా? ఒక్కో ప్యాకెట్‌కి చుట్టుడే వంద గ్రాములుందనుకోండి, పది ప్యాకెట్లకి కిలో అక్కడే వచ్చేసింది. కాటా ఎక్కడిది? పక్క కొట్లోదా? సున్నా దగ్గర ఉందో లేదో చూశారా? మధ్యవర్తుల పంచనామాలో ఆ మాట రాశారా?

ఇంకొకటి. సరుకు ఎండిందా, పచ్చిదా? పచ్చి పువ్వు ఎండితే నాలుగోవంతు మిగిలితే ఎక్కువ. కోసిన రెండోరోజే పట్టుకుని 24 కిలోలు తూగితే వాణిజ్య పరిమాణం. అదే పువ్వు రెండు వారాలు ఆరాక పట్టుకుంటే ఆరు కిలోలు కూడా ఉండదు. మనిషి అదే, మొక్క అదే, మత్తు అదే. మారింది నీటి బరువు! కాడలు, కొమ్మలు, విడిగా రాలిన ఆకులు కలిపి తూచారా, కొనలు మాత్రమే తూచారా అన్నది ఇంకో గొడవ. గంజాయి అంటే కొనలు అని చట్టమే చెప్పింది కదా, మరి కొమ్మల బరువు ఎవరి ఖాతాలో వెయ్యాలి? ఈ ప్రశ్న మీద హైకోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉంటాయి.

నమూనా సంగతి. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం గంజాయికి ఒక్కో నమూనా 24 గ్రాములకి తగ్గకూడదు, జంటగా రెండు తియ్యాలి, మేజిస్ట్రేటు ఎదుట తియ్యాలి. ప్యాకెట్లన్నీ ఒకేలా ఉంటే నలభై దాకా ఒక లాటుగా కట్టి ఆ లాటుకి ఒక జత తియ్యొచ్చు. రోడ్డు పక్కనే చిటికెడు తీసి కవర్లో పెట్టి పంపేస్తే కుదరదని 2016లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. అయితే ఒక మాట. ఆ ఒక్క లోపం చూపిస్తే కేసు దానంతటదే ఎగిరిపోతుందని ఎవరైనా ఫీజు అడిగితే నమ్మకండి. మిగతా సాక్ష్యం ఎంత గట్టిగా ఉందన్నది కూడా కోర్టు చూస్తుంది. ఒంటి మీద సోదాకి గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్ళమని అడిగే హక్కు ఉంది, సెక్షన్ 50. చేతిలో సంచికి ఆ సెక్షన్ వర్తించదు. ఇది చాలామందికి తెలియదు, సంచిలో దొరికినప్పుడు సెక్షన్ 50 పట్టుకుని వేలాడుతారు.

బెయిలు. వాణిజ్య పరిమాణమైతే సెక్షన్ 37. ముద్దాయి నేరం చెయ్యలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికొచ్చి మళ్ళీ చెయ్యడని జడ్జిగారికి నమ్మకం కుదరాలి. విచారణ మొదలవ్వకముందే ఎవరికి కుదురుతుందండీ? ఛార్జిషీటుకి మామూలు కేసుల్లో 60 రోజులో 90 రోజులో. ఇక్కడ 180 రోజులు, కారణం చూపిస్తే ఏడాది దాకా పొడిగించొచ్చు. శిక్ష పడ్డాక క్షమాభిక్ష తగ్గింపులు ఉండవు, సెక్షన్ 32ఏ. ఆగస్టు 15కి సత్ప్రవర్తన మీద వదిలే జాబితాలో వీళ్ళ పేరు వెతుక్కోనక్కర్లేదు.

ఇంత బరువైన చట్టం ఎవరి మీద పడుతోంది? అడవివరం సెంట్రల్ జైలు దగ్గర ములాఖత్ రోజున నిలబడి చూడండి. వరసలో ఉన్నవాళ్ళ భాషలు వినండి. తమిళం, మలయాళం, హిందీ, కువి, ఒడియా. సరుకు కొన్నవాడు వేరే ఊళ్ళో ఉంటాడు, డబ్బు పెట్టినవాడు ఫోన్లో ఉంటాడు. దొరికేది మోసినవాడు, బండి తోలినవాడు. వాడికి ఇచ్చేది ట్రిప్పుకి కొన్ని వేలు. నేను మోసినవాడు అమాయకుడని అనటం లేదు, టేపు చుట్టిన మూటలో బెల్లం ఉందనుకున్నాడంటే నేనూ నమ్మను. కానీ కూలికీ యజమానికీ ఒకే కాటా పెట్టి, ఒకే పదేళ్ళు కొలిచి ఇవ్వడం న్యాయం కాదు. ఇదీ నా మొదటి మాట. 20 కిలోలు దాటిన కేసులో కూడా జడ్జికి మనిషిని చూసే వీలు ఇవ్వాలి. దీనికి గంజాయిని చట్టబద్ధం చెయ్యక్కర్లేదు, ఒక సెక్షన్ సవరిస్తే చాలు.

ఇక తాగేవాడి సంగతి. 2019లో ఎయిమ్స్ వాళ్ళు దేశమంతా చేసిన సర్వేలో, ఏడాదిలో ఒక్కసారైనా భంగో గంజాయో చరసో వాడినవాళ్ళు 3.1 కోట్లు అని తేలింది. అందులో గంజాయి, చరస్ వాడేవాళ్ళు 1.3 కోట్ల దగ్గర. అందర్నీ జైల్లో పెట్టగలమా? పెట్టలేం. పెట్టలేనప్పుడు ఏమవుతుంది? పెట్టగలిగినవాళ్ళని పెడతాం. ఎవర్ని పెట్టగలం? బీచ్ రోడ్డులో ఖరీదైన ఫ్లాటు తలుపు తట్టడం కష్టం, కంచరపాలెం సందు చివర గట్టు మీద కూర్చున్నవాణ్ణి పట్టుకోవడం తేలిక.

వాడకానికి సెక్షన్ 27 కింద ఆరు నెలల దాకా. ఈ చట్టంలోనే ఒక మంచి సెక్షన్ ఉంది, దాన్ని మాత్రం ఎవరూ వాడరు. 64ఏ. వ్యసనంలో పడినవాడు, కేసు వాడకానికి సంబంధించిందో స్వల్ప పరిమాణానిదో అయితే, తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకి చేరి, పూర్తిగా చేయించుకుంటే, వాడి మీద ప్రాసిక్యూషన్ నడవదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. శిక్ష పడే దశకి వచ్చేసినా సెక్షన్ 39 కింద జైలు బదులు చికిత్సకి పంపమని అడగొచ్చు. అమ్మా, ఇక్కడున్న తల్లుల్లో ఒక్కరైనా ఈ నంబరు రాసుకోండి: అరవై నాలుగు ఏ. వకీలు చెప్పకపోతే మీరే అడగండి.

చట్టాన్ని చికిత్స వైపు ఇంకో అడుగు జరపాలి. పోర్చుగల్ 2001లో ఆ పని చేసింది. అక్కడ గంజాయి అమ్మకం నేరమే. వాడకానికి ఉంచుకున్న కొద్దిపాటిది మాత్రం క్రిమినల్ కేసు కాదు, ఒక కమిటీ ముందుకి పంపుతారు, అవసరమైతే చికిత్సకి. చట్టబద్ధం చేసేశారని మనవాళ్ళు రాస్తుంటారు. కాదు. శిక్ష తీసేశారు, అంతే. ఈ రెండూ కలిపేయకండి.

మరి దుకాణం ఎందుకు వద్దంటున్నాను? "మందు అమ్ముతున్నారు కదా, ఇదెందుకు వద్దు" అని మీలో ఎవరో అడుగుతారు. అడగాలి కూడా. సారా, విస్కీ కన్నా గంజాయి ప్రాణాంతకం అని నేను అనను. ఎక్కువ తాగి ఊపిరాగి చచ్చిపోవడం సారాయితో అవుతుంది, గంజాయితో అలా అవ్వదు. అదే సర్వేలో మద్యం వాడేవాళ్ళు 16 కోట్లు. నష్టం లెక్క వేస్తే మద్యమే పెద్ద రాక్షసి.

కానీ ఒక సంగతి చెప్పండి. ఈ రాష్ట్రంలో మనం రెండూ చూశాం కదా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచారు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. నిషేధంలో యానాం నుంచి సీసాలు ఎలా దిగాయో చూశాం, ఎత్తేశాక ఖజానా దాని మీద ఎలా ఆధారపడిపోయిందో కూడా చూశాం. ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, మద్యం ఆదాయం తగ్గిందంటే సంతోషించిన ఆర్థికమంత్రి ఉన్నాడా? ఒక మత్తు మీద బడ్జెట్టు కట్టుకున్న ప్రభుత్వం దాన్ని తగ్గించలేదు. రెండో మత్తు కూడా ఆ చేతుల్లోనే పెడదామా? ఒక తప్పు ఉంది కాబట్టి ఇంకోటి చేర్చుకోవాలనడం నాకు ఎక్కదు.

బయట దేశాలు త్వరగా చెప్పేస్తాను. కెనడా 2018 అక్టోబరు 17న అమ్మకం తెరిచింది. పద్ధతిగానే చేసింది: బొమ్మల్లేని డబ్బాలు, పిల్లలు తియ్యలేని మూతలు, తినే సరుకులో ప్యాకెట్టుకి పది మిల్లీగ్రాములకి మించి టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థం, ఉండకూడదు. అయినా చాక్లెట్లు, జెల్లీలు వచ్చాక చిన్నపిల్లలు తిని ఆసుపత్రికి రావడం పెరిగింది. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి 25 గ్రాములు దగ్గర ఉంచుకోనిచ్చింది, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోనిచ్చింది, దుకాణాలు మాత్రం తెరవలేదు. థాయ్‌లాండ్ చూడండి. 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసింది, నియమాలు రాయకముందే. వీధివీధికీ దుకాణాలు లేచాయి. మూడేళ్ళు తిరిగేసరికి 2025లో మళ్ళీ డాక్టరు చీటీ ఉంటేనే అంది. తలుపు తీసి ఆ తరవాత గడియ గురించి ఆలోచించారన్నమాట. మన దగ్గర ఇలాంటివి జరిగితే కెనడాలా జరుగుతాయా, థాయ్‌లాండ్‌లా జరుగుతాయా? నవ్వుతున్నారు, అంటే జవాబు మీకే తెలుసు.

ఒంట్లో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే "ఇది మొక్కే కదా, ప్రకృతి" అనే పిల్లలు చాలామంది ఉన్నారు. ఉమ్మెత్త కూడా ప్రకృతేనమ్మా. పొగగా పీలిస్తే నిమిషాల్లో ఎక్కుతుంది, రెండు మూడు గంటల్లో దిగుతుంది. తింటే అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఎక్కలేదనుకుని ఇంకో ముక్క తింటాడు, తరవాత రెండూ కలిసి ఎక్కుతాయి. ఆరేడు గంటలు గుండె దడ, భయం, ఎవరో చంపడానికొస్తున్నారని కేకలు. హోలీనాడు భంగు తాగినవాళ్ళకి జరిగేదీ ఇదే.

వాడినవాళ్ళలో సుమారు తొమ్మిది శాతం మందికి అది వదలని అలవాటవుతుంది. టీనేజీలో మొదలుపెట్టినవాళ్ళలో పదిహేడు శాతం, దాదాపు ఆరుగురిలో ఒకరు. ఎందుకు ఈ తేడా? మెదడు పాతికేళ్ళ దాకా తయారవుతూనే ఉంటుంది. ఇంట్లో మానసిక జబ్బు ఉన్న కుటుంబమైతే, చిన్న వయసులో రోజూ వాడటం నిప్పుతో చెలగాటం. మానేస్తే ఏమవుతుంది? ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రపట్టకపోవడం, అన్నం సయించకపోవడం మొదలవుతాయి, మొదటి వారంలో బాగా ఉంటాయి, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. ఆ మొదటి వారంలోనే "వీడు మారడు" అని తండ్రి చెయ్యి చేసుకుంటాడు. కొంచెం ఓర్చుకోండి. చినవాల్తేరు మానసిక వైద్యశాల ఉంది, కేజీహెచ్ పెద్దాసుపత్రి ఉంది. ఫోన్ చెయ్యాలంటే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446.

ఇక మన్యం. గంజాయి గురించి విశాఖలో మాట్లాడుతూ మన్యం ఎత్తకపోతే తప్పు. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోలు కుప్పపోసి కాల్చారు. ఆ తరవాత తోటలు బాగా తగ్గాయి. ఒడిశా బోర్డరు అవతల నుంచి సరుకు మాత్రం ఈ దారుల్లోనే దిగుతోంది.

రైతు వైపు నుంచి చూడండి. గంజాయి తొలకరికి వేస్తే సంక్రాంతి లోపు చేతికొస్తుంది. మగమొక్క కనబడగానే పీకెయ్యాలి, లేకపోతే ఆడమొక్కకి గింజ పట్టి సరుకు ధర పడిపోతుంది; అంతకుమించి పెద్ద పనితనం లేదు. కొనేవాడు గట్టు దగ్గరికే వస్తాడు, విత్తనానికి ముందే డబ్బిస్తాడు. కాఫీ సంగతి? ముందు సిల్వర్ ఓక్ నీడ లేవాలి. మొక్క నాటాక మూడు నాలుగేళ్ళకి గానీ కాపు రాదు. ఆ చెట్టుకే మిరియం తీగ పాకిస్తే అదీ మూడేళ్ళు. మధ్యలో ఇల్లు ఎలా నడవాలి? రాజ్మా, పసుపు వేసుకోవాలి, వాటికి మంచి ధర రావాలంటే చింతపల్లి సంతలో దళారి దయ. నరకడం ఒక్కరోజు పని. ఆ మూడేళ్ళు కొనుగోలు చెయ్యడం ప్రభుత్వం పని. ఎప్పుడైనా ఆ రెండోది ఆగిందంటే మొదటిది మళ్ళీ చెయ్యాల్సివస్తుంది.

"చట్టబద్ధం చేస్తే మన గిరిజనులు బాగుపడతారు" అనే వాదన ఉంది కదా, నేను నమ్మను. లైసెన్సు, లాబొరేటరీ పరీక్ష, కంచె, కెమెరాలు అంటూ నియమాలు వస్తే ఆ పంట మైదానంలో గ్రీన్‌హౌసు కట్టగలిగిన కంపెనీకి పోతుంది. ఉత్తరాఖండ్ 2018లో నారకోసం పెంచే గంజాయి రకానికి, అంటే హెంప్‌కి, అనుమతిచ్చింది, టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉండాలని. నార, గింజ వరకు ఆ దారి మంచిదే, సెక్షన్ 14లో వీలు ఉంది. కానీ ఎండ ఎక్కువైతే, విత్తనం కలుషితమైతే ఆ 0.3 దాటిపోతుంది, పంటంతా తగలబెట్టాలి. ఆ నష్టం ఎవరు భరించాలో రాసుకోకుండా మన్యం రైతుని అందులోకి దించొద్దు.

మూడో ప్రశ్న మిగిలింది, సమాజం ఒప్పుకోవాలా అని. దమ్ము కొట్టడాన్ని గొప్పగా చూపించే సినిమా పాటకి నేను చప్పట్లు కొట్టను. అలాగని కొడుకు వాడుతున్నాడని తెలిసి పక్కింటివాళ్ళకి తెలియకుండా రెండేళ్ళు దాచిపెట్టే ఇంటినీ మెచ్చుకోను. ఆ రెండేళ్ళలోనే కిలో లోపు పొట్లం సంచి అవుతుంది. స్నేహితుడికి ఇచ్చి డబ్బు తీసుకున్నాడంటే కేసు వాడకం దాటి అమ్మకమైపోయింది, 64ఏ ఇక అంత తేలిగ్గా అందదు.

ప్రశ్నలు చీటీల మీద వచ్చాయి. టైము లేదు, ఒక్కటి చదువుతాను. "మా అబ్బాయి కెనడాలో చదువుతున్నాడు, అక్కడ చట్టబద్ధమే కదా, భయమేమైనా ఉందా?" ఉందండీ. అక్కడ వయసు చాలా రాష్ట్రాల్లో పంతొమ్మిది, ఒంటి మీద ముప్ఫై గ్రాములు దాటకూడదు. దేశం సరిహద్దు దాటిస్తే, అటైనా ఇటైనా, కెనడా చట్టంలోనే నేరం. పక్కన అమెరికాలో కొన్ని రాష్ట్రాలు అనుమతించినా కేంద్ర చట్టంలో ఇంకా నిషేధమే, వీసా ఇంటర్వ్యూలో వాడానని ఒప్పుకుంటే చిక్కే. ఇక సెలవులకి వస్తూ సూట్‌కేసులో స్నేహితులకి జెల్లీ ప్యాకెట్టు తెచ్చాడనుకోండి, ఇక్కడ విమానాశ్రయంలో అది దిగుమతి కేసు, సెక్షన్ 23. పార్సిలు పంపినా అంతే. పంపినవాడు అక్కడుంటాడు, అడ్రసు మీది ఉంటుంది, తలుపు తీసేది మీరు. ఈ రాత్రికి ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెప్పండి.